గాలికి అడ్డు పెట్టిన తడిక



ఈసారి ఏ జబ్బుతోనూ మొదలుపెట్టడం లేదు. యాభై ఏళ్ల నాటి ఒక ఇంగ్లీషు టీవీ హాస్య నాటికతో మొదలుపెడుతున్నాను. డెబ్బై దాటిన డాక్టరుకు మతి తప్పిందని అనుకోకండి. పక్షవాతం దగ్గరకూ, ఆయాసం దగ్గరకూ తప్పకుండా వస్తాను. కాస్త ఓపిక పట్టండి.

కిందటి శీతకాలంలో ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలు గడిపాను. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. మార్కాపురం ఎండలకు అలవాటు పడిన ప్రాణానికి అది శిక్షే. నా దిగులు పోగొట్టడానికి అమ్మాయి రోజూ రాత్రి భోజనమయ్యాక 'ద గుడ్ లైఫ్' అనే పాత ధారావాహికలో ఒక్కో భాగం పెట్టేది. బీబీసీ వారు 1975 నుంచి 1978 వరకు ప్రసారం చేసినది. జాన్ ఎస్మాండ్, బాబ్ లార్బీ అనే ఇద్దరు రచయితలు రాశారు. ఇదే నాటిక అమెరికాకు వెళ్లినప్పుడు 'గుడ్ నైబర్స్', అంటే 'మంచి ఇరుగుపొరుగు' అని పేరు మార్చుకుంది. నా ఉద్దేశంలో ఆ రెండో పేరే దానికి సరిపోతుంది.

కథ క్లుప్తంగా ఇది. లండను పక్కనున్న సర్బిటన్‌లో టామ్ గుడ్ అనే చిత్రకారుడు ఉంటాడు. ఆయన వృత్తి ఏమిటంటే, ఫలహారపు పొట్లాల్లో పిల్లల కోసం వేసే ప్లాస్టిక్ బొమ్మలకు నమూనాలు గీయడం. నలభయ్యో పుట్టినరోజున ఆయనకు జీవితం మీద విసుగు పుట్టి ఉద్యోగం మానేస్తాడు. భార్య బార్బరాతో కలిసి పెరడంతా తవ్వి కూరగాయలు వేస్తాడు, మేకనూ పందులనూ కోళ్లనూ పెంచుతాడు. మన ఊళ్లో అయితే దీన్ని ఎవరూ వింతగా చూడరు. కానీ అది పచ్చిక కత్తిరించుకుని పూల కుండీలు సర్దుకునే పెద్దమనుషుల పేట. పక్కింట్లో ఉండేవాళ్లు జెర్రీ, మార్గో. జెర్రీ టామ్ వదిలేసి వచ్చిన కంపెనీలోనే పెద్ద ఉద్యోగి. మార్గోకు మర్యాద అంటే ప్రాణం. ఇక చూడండి, కంచెకు ఇటువైపు పేడ, అటువైపు పట్టుచీర, కాదు, పట్టు గౌను.

బార్బరా వేషం వేసిన ఫెలిసిటీ కెండల్ చిన్నతనమంతా మన దేశంలోనే గడిచిందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆమె తండ్రి జెఫ్రీ కెండల్ తన షేక్స్పియర్ నాటక బృందంతో ఊరూరా తిరిగారు. అక్క జెన్నిఫర్ నటుడు శశికపూర్‌ను పెళ్లాడారు. 1965లో వచ్చిన 'షేక్స్పియర్ వాలా' చిత్రంలో ఫెలిసిటీ కథానాయిక, దానికి సంగీతం సత్యజిత్ రే. ఇంత సంగతి తెలిశాక నాకు ఆ బార్బరా మన ఇంటి పిల్లలాగే కనిపించింది.

ఒకనాటి రాత్రి చూసిన భాగం గాలి అడ్డు తడిక మీద జరిగే యుద్ధం. 1976లో ప్రసారమైనది. మార్గో తన తోటకు గాలి తగలకుండా సరిహద్దు వెంట ఎత్తయిన తడిక కట్టించదలుస్తుంది. అది లేస్తే దాని నీడ టామ్ దంపతుల పండ్ల మొక్కల మీద పడుతుంది. ఎండ లేకపోతే కాయ కాయదు. వాళ్లకు ఆ కాయే తిండి. మాట పెరుగుతుంది, పంతం పెరుగుతుంది, స్నేహం తెగేదాకా వస్తుంది. చివరికి నలుగురూ ఒకచోట చేరి, టామ్ బఠాణీ తొక్కలతో ఇంట్లో కాచిన ద్రాక్షాసవం లాంటి దాన్ని తాగి, మత్తులో మనసులు విప్పుకుంటారు. ఎప్పుడూ నిటారుగా కూర్చునే మార్గో అప్పుడు, అందరూ నవ్వే హాస్యం తనకు మాత్రం అర్థం కాదని బేలగా ఒప్పుకుంటుంది. (ఇంట్లో కాచిన సారా విషయంలో డాక్టరుగా నా అభిప్రాయం మీకు తెలిసినదే. రాజీకి మజ్జిగ చాలు.)

అమ్మాయి, అల్లుడు పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అమ్మాయి ఒకసారి నా ముఖం చూసి, ఏమీ అడగకుండా టీవీ కట్టేసింది. దానికి కారణం తెలుసు.

మార్కాపురంలో మా ఇంటికి తూర్పున ఒక రిటైర్డు ఉపాధ్యాయులు ఉంటారు. ఊరంతా ఆయన్ని మాస్టారనే అంటారు. ఇరవై ఏళ్లుగా మా రెండిళ్ల మధ్య ఉన్నది నడుమెత్తు ప్రహరీ మాత్రమే. ఆ గోడ మీదుగా పేపరు వెళ్లేది, గోంగూర పచ్చడి వచ్చేది. వేసవిలో మా ప్రాంతపు నీళ్ల సంగతి తెలియనివారు లేరు. బోరు ఎన్ని వందల అడుగులు దింపినా చివరికి ట్యాంకరు కోసం ఎదురుచూడవలసిందే. ట్యాంకరు వచ్చిందంటే ఆయన గొట్టం పట్టుకునేవారు, నేను డ్రమ్ములు జరిపేవాణ్ణి. మా డ్రమ్ము నిండిందా, వాళ్లది నిండిందా అని ఎవరూ లెక్క చూడలేదు.

మూడేళ్ల క్రితం ఒక వేసవిలో మాస్టారు ఆ గోడ మీద ఇనుప స్తంభాలు నిలబెట్టి, ఆరడుగుల రేకులు బిగించడం మొదలుపెట్టారు. మా ఆవిడ వంగ, బెండ, దొండపాదు పెంచుకునే మడి సరిగ్గా ఆ గోడ కిందే ఉంది. పొద్దుటి ఎండ పూర్తిగా పోయింది. నెల తిరిగేసరికి వంగమొక్కలు పొడుగ్గా సాగి తెల్లబడ్డాయి.

నేను చేసిన తప్పు ఇక్కడ మొదలైంది. నేరుగా ఆయన్ని అడగలేదు. రేకులు బిగించే మేస్త్రీని పిలిచి, "ఎవర్ని అడిగి కడుతున్నారయ్యా?" అన్నాను. మేస్త్రీ ఆ మాటను మోసుకువెళ్లాడు, మోయడంలో కాస్త బరువు పెంచాడు. "నా గోడ మీద నేను కట్టుకుంటే ఒకరి సెలవెందుకు?" అని జవాబు వచ్చింది, అదీ మేస్త్రీ నోటనే. నేను ఒక అర్జీ రాశాను. ఇవ్వలేదు కానీ రాసినట్లు వీధిలో నలుగురికీ తెలిసేలా చేశాను. నాటికలో ఆ నలుగురూ కనీసం ఎదురుగా నిలబడి పోట్లాడుకున్నారు. మేము అదీ చేయలేదు. దాదాపు ఏడాదిన్నర ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆడవాళ్లు మాత్రం గుడి దగ్గర కలిస్తే రెండు మాటలు మాట్లాడుకునేవారట. మాకు చెప్పేవారు కాదు.

ఆ తరువాతి జనవరిలో ఒక రాత్రి పదిన్నర వేళ మాస్టారి చేతిలోంచి గ్లాసు జారింది. మాట ముద్దగా వచ్చింది. చలికి నరం పట్టిందేమో, పడుకుంటే తగ్గుతుందనుకున్నారు. తెల్లవారుజామున ఐదింటికి లేవబోతే కుడి చేయి, కుడి కాలు లేవలేదు. ఆటో పిలిపించుకుని ఆసుపత్రికి, అక్కడి నుంచి ఒంగోలుకు వెళ్లారు. గడ్డను కరిగించే సూది మందుకు వేళ మించిపోయిందని అక్కడ చెప్పారు.

ఆ ఇంటి వాకిలికీ మా ఇంటి వాకిలికీ ముప్పై అడుగుల దూరం. నలభై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పక్షవాతాలు చూసిన మనిషి గోడకు ఇవతల మేలుకునే ఉన్నాడు. నాకు పన్నెండు దాకా చదువుకునే అలవాటు. తరువాత మాస్టారి భార్య మా ఆవిడతో అన్న మాట ఇది: "మీ లైటు వెలుగుతూనే ఉంది వదినా. గుమ్మం దాకా వచ్చాను. ఆయనే చేత్తో వద్దని సైగ చేశారు. పొద్దున్నే చూసుకుందాంలే అన్నట్టు."

ఈ మాట విన్నప్పటి నుంచి ఆ రాత్రి ఏ పుస్తకం చదువుతున్నానో గుర్తు తెచ్చుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. గుర్తు రావడం లేదు.

మిత్రులారా, ఇక్కడ వైద్యం చెప్పక తప్పదు. మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోగా పడాలి. ఎంత ముందు పడితే అంత మేలు. గడ్డ వల్ల వచ్చిందా, నాళం చిట్లి నెత్తురు కారిందా అన్నది పైకి చూసి ఎవరూ చెప్పలేరు, స్కాన్ తీయవలసిందే. గడ్డ పెద్దదైతే గొట్టం ద్వారా బయటకు లాగే చికిత్స కూడా ఇప్పుడు వచ్చింది. ఎంపిక చేసిన కొందరికి దాన్ని 24 గంటల వరకు చేస్తున్నారు. కనుక ఆలస్యమైందని ఇంట్లోనే కూర్చోవద్దు. మార్కాపురం నుంచి ఒంగోలు చేరడానికే సుమారు రెండు గంటలు పడుతుంది. గిద్దలూరు వారు నల్లమల దాటి నంద్యాల వెళ్లాలి. మన లెక్కలో నాలుగున్నర గంటలంటే నిజానికి చేతిలో మిగిలేది గంటో గంటన్నరో.

గుర్తుపట్టడం కష్టం కాదు. నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతుందేమో చూడండి. రెండు చేతులూ చాచమనండి, ఒకటి కిందికి వాలుతుందేమో చూడండి. ఒక వాక్యం పలకమనండి, మాట తడబడుతుందేమో వినండి. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేసి, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న అదే. మంచినీళ్లు కూడా తాగించవద్దు, మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ ఇవ్వవద్దు, బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద మాత్ర పెట్టవద్దు. ఇక పావురం రక్తంతో మర్దన సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని మీద కోపం వచ్చేది, ఇప్పుడు జాలి వేస్తుంది. పావురానికీ మనిషికీ ఇద్దరికీ నష్టమే.

కానీ పైన చెప్పినదంతా చేయడానికి ఇంట్లో ఇంకొక మనిషి కావాలి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో సముద్రాల అవతలో ఉంటే, ఆ ఇంకొక మనిషి పక్కింటివాడే. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నేను గిద్దలూరు వైపు నల్లమల అంచు గ్రామాల్లో పనిచేసిన రోజుల్లో అంబులెన్సు అంటే నులకమంచం. 108 వాహనాలు మన రాష్ట్రంలో తిరగడం మొదలైంది 2005లో. అంతకు ముందు పాము కరిచినా, కాన్పు కష్టమైనా, మంచానికి తాళ్లు కట్టి బొంగు దూర్చి నలుగురు మోసుకొచ్చేవారు. దారిలో మార్చుకోవడానికి మరో నలుగురు వెంట వచ్చేవారు. ఆ ఎనిమిది మందిలో రోగికి చుట్టాలు ఒకరో ఇద్దరో ఉండేవారు. మిగతావాళ్లను "నువ్వేమవుతావు?" అని అడిగితే, ప్రశ్న అర్థం కానట్టు చూసి, "పక్కిల్లు సార్" అనేవారు. వాళ్ల మధ్య గట్టు తగాదాలు లేవని కాదు. నాకు తెలిసి ఒక మంచం ముందు కొమ్ము పట్టినవాడూ, దాని మీద పడుకున్నవాడూ కోర్టులో ఒకరిపై ఒకరు వ్యాజ్యం నడుపుతున్నవాళ్లే.

ఇదే సంగతిని పరిశోధకులు అంకెల్లో చెబుతున్నారు. 2010లో జూలియన్ హోల్ట్-లున్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. మనుషులతో సంబంధాలు గట్టిగా ఉన్నవారు బతికి ఉండే అవకాశం మిగతావారి కంటే 50 శాతం ఎక్కువని తేలింది. ఆ గుడ్ లైఫ్ పుట్టిన దేశమే 2018లో ఒంటరితనం సమస్యను చూడడానికి ప్రత్యేకంగా ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీని మీద ఒక కమిషన్నే వేసింది. అమ్మాయి వాళ్ల వీధిలో రెండు నెలలున్నా ఎదురింటివారి ముఖం నేను చూడలేదు. అక్కడ మంత్రి ఎందుకు కావలసి వచ్చాడో అర్థమైంది. మన వీధిలోనూ త్వరలో కావలసి రావచ్చునేమో.

మాస్టారి దగ్గరకు మళ్లీ వస్తాను. ఒంగోలు నుంచి తెచ్చిన మర్నాడే నేను వాళ్లింటికి వెళ్లాను. మందులు సరిచూశాను, కుడి భుజం జారకుండా దిండ్లు ఎలా పెట్టాలో చూపించాను, వ్యాయామం చేయించే అబ్బాయిని కుదిర్చాను. రోజూ వెళ్లేవాణ్ణి. డాక్టరుగానే వెళ్లేవాణ్ణి. రేకుల మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయనకు మాట లేదు, నాకు ధైర్యం లేదు. అలా దాదాపు ఏడాది గడిచింది. ఇంగ్లండులో ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు నాకు తట్టినది ఒక్కటే. మార్గో తడిక ఎందుకు కట్టిస్తోందో చూసేవాళ్లందరికీ తెలుసు. మాస్టారు రేకులు ఎందుకు కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

జనవరి నెలాఖరున తిరిగి వచ్చాక అడిగాను. "మాస్టారూ, ఆ రోజు మేస్త్రీని కాకుండా మిమ్మల్నే అడగవలసింది. తప్పు నాది. ఇంతకూ ఆ రేకులెందుకు వేశారు?"

ఆయన చాలాసేపు నోరు కూడదీసుకున్నారు. మొదట "దుమ్" అన్నారు. తరువాత ఎడమ చేత్తో వంటింటి వైపు చూపించి, గుండె మీద చేయి వేసుకుని, ఎగపీల్చి చూపించారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి తల దించుకున్నారు.

ఆమెకు పదేళ్లుగా ఆయాసం ఉందట. పడమటి గాలి మొదలైతే మా ఇంటి పక్క ఖాళీ స్థలం లోంచి, దాని అవతల రోడ్డు మీద నుంచి దుమ్మంతా వాళ్ల వంటింట్లోకి కొట్టేది. రాత్రిళ్లు కూర్చునే తెల్లవార్చేవారట. వేరే ఊళ్లో చూపించుకుని పీల్చే మందు వాడుతున్నారు. "మీకు చెబుదామనుకున్నాను అన్నయ్యా, రిటైరయ్యాక కూడా మిమ్మల్ని విసిగించడమెందుకని ఊరుకున్నాను. ఆ తరవాత గొడవైపోయింది" అన్నారామె.

ఇరవై ఏళ్లు ఆమె చేతి పచ్చడి తిన్నాను. గోడ అవతల నుంచి దగ్గు వినిపించేది, తాలింపు ఘాటనుకున్నాను. ఊరి పలకల పనిలో ఊపిరి పాడైనవాళ్లను ఎందరినో చూసి, దుమ్ము గురించి ఈ పేజీలోనే వ్యాసాలు రాసినవాణ్ణి నేను.

ఆ సాయంత్రమే స్టెతస్కోపు తీసుకువెళ్లాను. పీల్చే మందు ఎలా వాడతారో చూపించమన్నాను. మూత తీసి, ఊపకుండా, నోట్లో కొట్టుకుని వెంటనే మింగేశారు. మందంతా గొంతులోనే ఉండిపోతోంది. మీ ఇంట్లోనూ ఎవరైనా వాడుతుంటే ఈసారి గమనించండి. గొట్టాన్ని బాగా ఊపాలి. ముందు ఊపిరి పూర్తిగా వదలాలి. పెదవులు బిగించి, నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి. పీల్చాక పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. అలా కుదరనివారికి స్పేసర్ అనే డొల్ల గొట్టం మందుల దుకాణంలో దొరుకుతుంది, వయసు మళ్లినవారికి అదే మేలు. స్టెరాయిడ్ ఉన్న మందైతే తరువాత తప్పక నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఆమెకు ఇది నేర్పడానికి నాకు పట్టినది పావుగంట. మూడు వారాల్లో రాత్రి పడుకుని నిద్రపోగలిగారు.

రేకులు విప్పించేస్తానని మాస్టారి కొడుకు ఫోనులో అన్నాడు. వద్దన్నాను. మే నెల గాలి వచ్చేనాటికి అవి ఉండవలసినవే. మడినే మేము దక్షిణం వైపుకు మార్చాం. దొండపాదు మాత్రం మారనంది, రేకుల మీదికే పాకి అటువైపు కాస్తోంది. ఆ కాయలు వాళ్లే కోసుకుంటున్నారు.

సాయంత్రం ఐదింటికి మాస్టారికి మాటల అభ్యాసం. ఒకప్పుడు ఆయన పిల్లలకు చెప్పినట్టే నేను వస్తువు చూపిస్తాను, ఆయన పేరు చెబుతారు. గ్లాసు, తాళంచెవి, పేపరు అయ్యాయి. కిందటి వారం వంకాయ చూపిస్తే మొదటిసారే స్పష్టంగా "వంకాయ" అన్నారు. 'డాక్టరు' మాత్రం ఇంకా నోరు తిరగడం లేదు. "డా" అని ఆగి, నా వైపు చూసి, నవ్వుతారు.